అమ్మమ్మకి రెండు తెలుపులు

అమ్మమ్మకి పోయిన నెల కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించాం, కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చాక దండెం మీద తాతయ్య పంచె చూసి "నీలిమందు ఎక్కువేశారేంటే" అంది. పంచె తెల్లగానే ఉంది!! నాకు భయమేసి డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, చాలామందికి ఇలాగే ఉంటుందమ్మా, మెల్లగా సర్దుకుంటుంది అన్నారు.

విషయమేంటంటే వయసుతో కంట్లో లెన్స్ పసుపుగా మారి నీలం కాంతిని సరిగ్గా లోపలికి రానివ్వదంట, కానీ అది ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మెదడు కూడా లెక్క సరిచేసుకుంటూ తెల్లటిదాన్ని తెల్లగానే చూపిస్తూ వస్తుంది, ఇప్పుడు కొత్త లెన్స్‌లోంచి నీలమంతా ఒక్కసారి వచ్చిపడితే మెదడేమో ఇంకా పాత లెక్కలోనే ఉంది. ఇన్నేళ్ళూ అమ్మమ్మకి తెలియకుండా లోపల ఇంత పని జరిగిందా అనిపించి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనెకి కూడా 1923లో కుడి కంటికే ఈ ఆపరేషన్ అయింది, ఆ తర్వాత అంతా నీలంగా కనిపిస్తోందని చాలా బాధపడ్డాడు, రంగు అద్దాల కళ్ళజోడు కూడా వాడాడు.

అమ్మమ్మకి ఎడమ కన్ను ఇంకా చేయించాలి. ఈలోపు రోజూ పొద్దున్నే వాకిట్లో కూర్చుని ఒక కన్ను మూసి ఒకటి తెరిచి నందివర్ధనం పూలు చూస్తోంది, ఎడమ కంటికి వెన్నలా ఉన్నాయంట, కుడి కంటికి వెన్నెల్లా ఉన్నాయంట. నీకెలా ఉన్నాయే అని అడిగింది. తెల్లగా అన్నా.

"ఏ తెలుపే?" అంది.