రాంగ్లిన్ గిటార్ వెంట జమైకాలో

కింగ్‌స్టన్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే రోడ్డుకు ఒక పక్క రేవు, ఇంకో పక్క సముద్రం. "ముందు ఎక్కడికి బాస్, బాబ్ మార్లే ఇంటికేనా?" అన్నాడు టాక్సీ డ్రైవర్. అక్కడికీ వెళ్దాం, కానీ నేనొచ్చింది గిటారిస్టు ఎర్నెస్ట్ రాంగ్లిన్ కోసం అన్నాను. అతని ముఖం వెలిగిపోయింది. వాళ్ల నాన్న దగ్గర ఆయన రికార్డులు ఉండేవట.

రాంగ్లిన్ 1932లో మాంచెస్టర్ పారిష్‌లో పుట్టారు (పారిష్ అంటే ఇక్కడ జిల్లా లాంటిది). మేనమామలో బాబాయిలో, ఆ ఇంట్లో ఇద్దరు గిటార్ వాయించేవాళ్లు. వాళ్ల వాయిద్యాలు తీసుకుని, విన్నదాన్ని వేళ్ల మీదికి తెచ్చుకునేవాడు ఆ పిల్లాడు. తర్వాత గిటార్ పుస్తకాలు, అమెరికన్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ వాయించిన జాజ్, రాత్రిపూట డాన్స్ బ్యాండ్లు. అదే ఆయన బడి. పదిహేనేళ్లకే వాల్ బెన్నెట్ బ్యాండ్‌లో చేరారు.

కింగ్‌స్టన్‌లో మార్కస్ గార్వే డ్రైవ్‌లో ఇప్పుడున్న మార్లే కుటుంబం టఫ్ గాంగ్ స్టూడియో ఒకప్పుడు కెన్ ఖౌరీ నడిపిన ఫెడరల్. టూర్‌లో అందరూ మార్లే ఫొటోల దగ్గర ఆగుతుంటే నేను ఆ గోడలవైపే చూస్తూ నిలబడిపోయాను. 1950ల చివర్లో బాస్ వాయించే క్లూ జే బృందంతో రాంగ్లిన్ ఇక్కడే వాయించారు. అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్, ఇక్కడి పల్లెల జానపద సంగీతం మెంటో, హోటళ్లలో వాయించే జాజ్ కలిసి, రెగేకి ముందుతరం సంగీతమైన స్కా అయిన రోజులవి. స్కాను ఎవరు పుట్టించారన్న వాదన ఇంకా తెగలేదు. అది పుడుతున్నప్పుడు రాంగ్లిన్ చేతిలో గిటార్ ఉందన్నది మాత్రం నిజం. పాట వాయిద్యాలకు ఎలా పంచాలో తీర్చిదిద్దిందీ చాలాసార్లు ఆయనే.

బ్రెంట్‌ఫర్డ్ రోడ్డుకు ఇప్పుడు స్టూడియో వన్ బులెవార్డ్ అని పేరు. ఆ పేరు తెచ్చిన స్టూడియో వన్ రికార్డింగ్ స్టూడియో ఉన్న 13వ నంబరు గేటును బయటి నుంచే చూశాను. ఆ వీధిలో నాకు గట్టిగా అనిపించిన మాట చెప్తాను. జాజ్ ఒక పక్క, జమైకా సంగీతం ఇంకో పక్క ఉంటే రాంగ్లిన్ వాటిని కలిపారని రాస్తుంటారు. ఆయనకు అవి ఎప్పుడూ విడిగా లేవు. పగలు స్టూడియోలో స్కా, రాత్రి హోటల్లో జాజ్, అవే వేళ్లు.

మాంచెస్టర్ పారిష్ ముఖ్య పట్టణం మాండవిల్‌కి పాత రోడ్డు మీదుగా వెళ్లమన్నాను. మెల్‌రోజ్ హిల్ దగ్గర బొగ్గుల మీద కాల్చిన పెండలం దుంప, ఉప్పు చేప తిన్నాం. ఎర్రటి బాక్సైట్ నేల, చల్లగాలి. మాండవిల్‌లో ఎక్కువసేపు ఆగలేదు.

మాంటెగో బేలో హాఫ్ మూన్ హోటల్ ఉంది. క్రిస్ బ్లాక్‌వెల్ కుర్రవాడిగా అక్కడ వాటర్ స్కీయింగ్ నేర్పేవాడు. రాంగ్లిన్ గిటార్ విని, తను పెట్టిన రికార్డు కంపెనీ ఐలండ్ రికార్డ్స్ తొలి రోజుల్లోనే రికార్డు చేశాడు. 1964లో ఆయన్ని లండన్‌కి పిలిపించి, మిల్లీ స్మాల్ పాడిన 'మై బాయ్ లాలీపాప్'కి సంగీతం కూర్పించాడు. ఆ పాట బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ హిట్ పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది రానీ స్కాట్స్ జాజ్ క్లబ్‌లో రాంగ్లిన్ నెలల తరబడి వాయించారు. ప్రపంచాన్ని ఊపిన పాప్ పాట, లండన్ జాజ్ వాళ్లు చెవులొగ్గిన గిటార్, రెండూ ఒకే మనిషివి. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ సాయంత్రం బీచ్ పక్కన మెంటో వాయిస్తున్న ఒక పెద్దాయన్ని స్కా దెబ్బ చూపించమని అడిగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కాలితో వేస్తూ, అంకెకీ అంకెకీ మధ్య ఖాళీలో తీగల మీద టక్కున కొట్టి వెంటనే అదిమేశారు. "లెక్క కాలికి వదిలెయ్, చెయ్యి ఖాళీని పట్టుకోవాలి" అన్నారు. నాకు గిటార్ ఇచ్చి కొట్టించారు. చీకటి పడేదాకా వదల్లేదు.

రాంగ్లిన్‌ని కొత్తగా వినేవాళ్లు 1996 నాటి 'బిలో ద బాస్‌లైన్'తో మొదలుపెట్టండి. మాంటీ అలెగ్జాండర్ పియానో కూడా ఉంటుంది. 'సర్ఫిన్' దగ్గర వాల్యూమ్ పెంచండి. ఆ తర్వాత 1998లో వచ్చిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ ద లాస్ట్ రిడిమ్' వినండి. అరవై దాటిన వయసులో సెనెగల్ వెళ్లి, అక్కడి గాయకుడు బాబా మాల్ వాద్యబృందంతో కలిసి రాజధాని డాకర్‌లో చేసిన ఆల్బం అది.