నాన్నగారి లింకులు ఏ బ్రౌజర్‌లో తెరుచుకోవాలి?

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన పాత కంప్యూటర్ ఉంది. నాన్నగారు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మెయిల్ థండర్‌బర్డ్‌లో చదువుతారు, మిగతా పనులన్నీ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో చేసుకుంటారు. పాస్‌వర్డ్‌లన్నీ అందులోనే ఉంటాయి.

పోయిన ఆదివారం గుంటూరు నుంచి వెళ్లి చెప్పులు విప్పానో లేదో మొదలుపెట్టారు: "చూడమ్మా, మెయిల్‌లో లింకు నొక్కితే ఒకటి ఫైర్‌ఫాక్స్‌లో వస్తోంది, ఇంకొకటి నువ్వు వేసిన ఆ రెండో దాంట్లోకి పోతోంది. అక్కడ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది."

కొన్ని ఇటు, కొన్ని అటు ఎందుకు పోతాయి? తప్పు థండర్‌బర్డ్‌దే అనుకుని దాని సెట్టింగులన్నీ వెతికాను. కానీ లింకును ఎవరికి అప్పగించాలో అది మామూలుగా సొంతంగా నిర్ణయించుకోదు, సిస్టమ్‌ను అడుగుతుంది. ఆ జవాబు హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే 'కాన్ఫిగ్' అనే ఫోల్డర్‌లో ఉంటుంది. చుక్క ఉన్నందున మామూలుగా కనబడదు, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కాలి. అందులో, దేన్ని ఏ ప్రోగ్రామ్‌లో తెరవాలో రాసి ఉండే 'మైమ్‌యాప్స్.లిస్ట్' అనే చిన్న ఫైల్ ఉంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే అసలు సంగతి కనబడింది.

'ఎక్స్-స్కీమ్-హ్యాండ్లర్/హెచ్‌టీటీపీ' అన్న వరుసకు (వెబ్ చిరునామా మొదట్లో కనబడే అక్షరాలే ఈ హెచ్‌టీటీపీ) ఎదురుగా ఫైర్‌ఫాక్స్ ఉంది. దాని కిందే 'హెచ్‌టీటీపీఎస్' వరుస, దాని ఎదురుగా రెండో బ్రౌజర్! చివర్లో ఒక్క 'ఎస్' తేడా, అంతే. సిస్టమ్‌కు ఇవి రెండూ వేరు వేరు. ఇదివరకు నేను కమాండ్‌తో మొదటి వరుస ఒక్కటే మార్చి, పని అయిపోయిందనుకుని వెళ్లిపోయాను. ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్‌వే కాబట్టి ఆయనకు ఇన్నాళ్లూ ఇబ్బంది తప్పలేదు. అది తలుచుకుంటే బాధేసింది.

రెండో వరుస కూడా మార్చి సేవ్ చేశాను. నిజానికి 'ఎక్స్‌డీజీ-సెట్టింగ్స్' కమాండ్‌తో డిఫాల్ట్ బ్రౌజర్‌ను ఎంచుకుంటే రెండూ ఒకేసారి మారతాయి.

ఆఫీసులో నాది విండోస్. అక్కడ ఈ ఎంపిక రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, 'యూజర్‌చాయిస్' అన్న పేరు కింద ఉంటుంది. పక్కనే హ్యాష్ అనే ఒక సరిచూసే గుర్తు కూడా ఉంటుంది, వేరే ప్రోగ్రామ్ మనకు చెప్పకుండా మార్చేయకుండా. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ రెంటినీ విడివిడిగా మార్చుకోవాల్సి వచ్చేది, 2022లో అన్నిటికీ కలిపి ఒకే బటన్ ఇచ్చారు. ఆ బటన్ మొదటి రోజు నుంచే ఉండాల్సింది. ఏ కిటికీలోంచి ప్రపంచాన్ని చూడాలో మనిషి ఒకసారి చెప్పాక, మిగతా ప్రోగ్రాములన్నీ ఆ మాట వినాలి కదా.

నాన్నగారు బ్యాంకు మెయిల్ తెరిచి లింకు నొక్కారు. ఫైర్‌ఫాక్స్ వచ్చింది. ఇంకో మెయిల్‌లోదీ నొక్కి చూశారు, అదీ వచ్చింది. తర్వాత డైరీ తీసి, ఆ రెండు వరుసలనూ తేదీ వేసి తెలుగులో రాసుకున్నారు.

"మరి పీడీఎఫ్‌లు కూడా ఆ రెండో దాంట్లోనే తెరుచుకుంటున్నాయమ్మా" అన్నారు. ఫైల్ ఇంకా తెరిచే ఉంది. 'అప్లికేషన్/పీడీఎఫ్' వరుస కోసం కిందికి జరిపాను.