లాండ్రీ రూమ్‌లో మ్యూ

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బేస్‌మెంట్‌లో లాండ్రీ స్లాట్ నాది. కోపెన్‌హాగన్‌లో మా బిల్డింగ్‌లో బట్టలుతుక్కోవాలన్నా ముందే బుక్ చేసుకోవాలి. మెషిన్ తిరుగుతుంటే ఫోన్‌లో మ్యూ అనే డేనిష్ రాక్ బ్యాండ్ పాటలు పెట్టుకుని బల్లెక్కి కూర్చున్నాను.

ఎదురు ఫ్లాట్ పెద్దాయన తువ్వాళ్ల కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "మ్యూ కదా?" అన్నాడు. అవునన్నాను. "హెల్లెరుప్ పిల్లలు" అని నవ్వాడు. మూడేళ్లలో మా మధ్య "హాయ్" దాటి నడిచిన మొదటి మాట ఇదే.

హెల్లెరుప్ ఊరికి ఉత్తరాన, సముద్రం ఒడ్డునున్న డబ్బున్నవాళ్ల పేట. బ్యాండ్ అక్కడే, 1995లో మొదలైంది. పాడింది యోనస్ బ్యెర్రె. కచేరీల్లో వెనక తెర మీద ఆడే యానిమేషన్లు కూడా ఆయనే చేసేవాడు. మొదటి ఆల్బమ్ 1997లో, రెండోది 2000లో. రెండోది సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీదే వేసుకున్నారు. ఆ లేబుల్ పేరు ఈవిల్ ఆఫీస్! రేపు సోమవారం కాబట్టి నాకు ఇంకా నచ్చింది.

డెన్మార్క్ బయట పేరొచ్చింది మాత్రం 2003లో, పెద్ద కంపెనీ సోనీ తెచ్చిన 'ఫ్రెంజర్స్'తో. అందులో పది పాటలుంటే ఆరు పాతవే, మళ్లీ రికార్డు చేసినవి. ఇది తెలిసిన కొత్తలో మోసంలా అనిపించింది. కానీ బయటివాళ్లు ఆ పాత రెండు ఆల్బమ్‌లూ వింటేగా! నేను కూడా ఆ ఆరింటినీ కొత్తవనుకునే విన్నాను.

చివరి పాట దాదాపు తొమ్మిది నిమిషాలు. గిటారు, గొంతు మెల్లగా మొదలవుతాయి. సగమయ్యాక మాటలు ఆగిపోయి వాయిద్యాలు పొంగుతూనే ఉంటాయి. సరిగ్గా అక్కడే నా మెషిన్ స్పిన్‌లోకి వెళ్లింది. బల్ల, నేను, సర్ఫు డబ్బా అన్నీ ఊగిపోయాం. పెద్దాయన తువ్వాళ్లు పట్టుకుని అయిపోయేదాకా నిలబడ్డాడు.

ఫ్రెండ్స్, స్ట్రేంజర్స్ కలిపి అతికించిన మాట ఫ్రెంజర్స్. పూర్తిగా స్నేహితులు కారు, అలాగని పరాయివాళ్లూ కారు. మనం ముఖపరిచయం అంటామే, దానికి ఒక మెట్టు పైన.

వెళ్తూ వెళ్తూ డ్రయ్యర్‌లో నా సాక్స్ ఒకటి మిగిలిపోయిందని చూపించాడు. పేరు అడగలేదు. తలుపు మీద రాసే ఉంది కానీ, నాకు నోరు తిరగదు.