తిరుపతికి రెండు రోజులు

ఇరవై ఏళ్లుగా మద్రాసులో ఉంటున్నాను. ఇక్కడి నుంచి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. తెల్లవారుజామున కారెక్కితే మధ్యాహ్నం దర్శనం, రాత్రికి లడ్డూలతో ఇల్లు. దారిలో ఊళ్లంటే నాకు పచ్చబోర్డులే.

ఈసారి మా మేనత్త నెల్లూరు నుంచి వచ్చింది. దర్శనం మరుసటి రోజు సాయంత్రానికి దొరికింది. ఒకరోజు ముందే బయల్దేరి తిరుచానూరులో అమ్మవారిని కూడా చూసుకుందామని కారు మాట్లాడాను. ఐదింటికి రావాల్సిన డ్రైవరు ఏడైనా ఫోను ఎత్తలేదు. నాకు ఒకటే టెన్షన్. అత్త మాత్రం సంచి భుజాన వేసుకుని, "విల్లివాక్కం స్టేషను పక్కనే కదరా, లోకల్ ఎక్కుదాం పద. స్వామి రమ్మంది రేపు సాయంత్రానికి కదా" అంది.

ఆవడి దాటాక తిరునిన్రవూరు వచ్చింది. ఇక్కడివాళ్ల నోట్లో అది తిన్ననూరు. పేరుకు అర్థమేంట్రా అని అడిగింది అత్త. శ్రీ నిలిచిన ఊరు అన్నాను. లక్ష్మీదేవి వైకుంఠం వదిలి వచ్చి ఇక్కడ నిలబడిందని స్థలపురాణం. ఆ మాట పూర్తికాకముందే అత్త తలుపు దగ్గరికి వెళ్లిపోయింది.

స్వామి భక్తవత్సల పెరుమాళ్. అమ్మవారి పేరు ఎన్నై పెట్ర తాయార్, అంటే నన్ను కన్న తల్లి. అర్చకులు తీరుబడిగా ఉన్నారు, కథ చెప్పారు. తిరుమంగై ఆళ్వారు ఊరూరా స్వామిని పాడుతూ వచ్చి, ఈ ఊరిని మాత్రం పాడకుండానే దాటిపోయాడట. అమ్మవారు ఊరుకుంటుందా, పాట పట్టుకురమ్మని స్వామిని పంపింది. ఈయన వెళ్లేసరికి ఆళ్వారు మహాబలిపురం చేరాడు. అక్కడి స్వామిని పాడుతూ ఈయన్నీ కలిపి ఓ పాశురం చెప్పాడు. ఒక్కటేనా అని ఆమె మళ్లీ పంపితే, తిరుక్కణ్ణమంగైలో ఇంకొకటి దొరికింది. "కూరగాయలకి మీ మామయ్యని రెండుసార్లు పంపేదాన్ని, అట్లా ఉంది" అంది అత్త.

ఆ ఊళ్లోనే హృదయాలీశ్వరుడి గుడి. చేతిలో పైసా లేని పూసలార్ నాయనారు మనసులోనే పునాది తీసి, రాయి మీద రాయి పేర్చి శివుడికి గుడి కట్టాడు. కంచిలో పల్లవరాజు కట్టించిన గుడికి కూడా అదే రోజు ముహూర్తం. శివుడు రాజు కలలోకి వచ్చి, ఆ రోజు నేను పూసలార్ గుడికి వెళ్లాలి, నీది వాయిదా వేసుకోమన్నాడట. కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ ఊరు మా స్టేషను నుంచి అరగంటలో ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

సాయంత్రం తిరువళ్లూరు. అక్కడి వీరరాఘవస్వామి శయనించి ఉంటాడు. ముసలివాడి రూపంలో వచ్చి శాలిహోత్ర మహర్షి పెట్టింది తిని, పడుకోవడానికి చోటేది అని అడిగాడట. గుడి పక్కన కోనేరు హృత్తాపనాశిని. అందులో బెల్లం వేస్తే, అది కరిగినట్టే జబ్బూ కరుగుతుందని నమ్మకం. అత్త పది రూపాయల బెల్లం కొని మెట్ల మీద కూర్చుంది. మొదటి రెండు ముక్కలూ మునిగిపోయాయి. మూడోది నీళ్లలో ఉన్న మెట్టు అంచున ఆగింది. దాని చుట్టూ తేనెరంగు దారం ఒకటి లేచి, మెల్లగా విడిపోతోంది. చిన్న చేప ఒకటి వచ్చి ముట్టె తగిలించి పోయింది. చీకటి పడుతోంది, తిరుత్తణి రైలు టైమవుతోంది. లెమ్మంటే లేవదు. "అది నా ఎడమ మోకాలురా. కరగనీ" అంది. ఆ రైలు పోయింది. తర్వాతి దాంట్లో వెళ్లాం.

తిరుత్తణి కొండకి 365 మెట్లు. మోకాలి సంగతి ఇంకా తేలలేదు కాబట్టి పొద్దున్నే ఆటోలో ఎక్కాం. అక్కడి నుంచి రైల్లో వెళ్తుంటే కిటికీలో నగరి కొండముక్కు కనిపించింది. ఒకప్పుడు సముద్రం మీద ఓడలవాళ్లకి అదే గుర్తట. తిరుచానూరు, తర్వాత కొండ. దర్శనం ఎప్పటిలాగే, రెప్ప వేసేలోపు అయిపోయింది.

తిరుగు ప్రయాణం ఎక్స్‌ప్రెస్‌లో. తిరునిన్రవూరు ప్లాట్‌ఫాం సర్రున వెనక్కి పోయింది, బోర్డు కూడా చదవలేకపోయాను. అత్త కిటికీ ఊచల్లోంచి గబగబా దండం పెట్టి, "ఆళ్వారు కూడా ఎక్స్‌ప్రెస్సే ఎక్కుంటాడు" అంది.