ఉప్పు, పేకముక్కలు, రాణిగారి ఖజానా

1585 నుంచి స్పెయిన్‌తోనూ, తరువాత ఐర్లాండ్‌లోనూ యుద్ధాలు నడిపిన ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్‌కు చేతిలో డబ్బు ఆడేది కాదు. కొత్త పన్ను వేయాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలి. అందుకని ఖజానా తెరవకుండానే ఆస్థానంలోని వారిని సంతోషపెట్టే మార్గం ఆమె పట్టింది: ఫలానా సరుకును ఫలానావారే తయారుచేసి అమ్ముకోవచ్చునని రాజముద్ర వేసి గుత్త హక్కు రాసివ్వడం. ఉప్పు, వెనిగర్, బట్టలకు పెట్టే గంజి, చివరకు పేకముక్కలు కూడా గుత్తలోకి వెళ్లాయి. ఆ భారమంతా కొనుక్కునేవాళ్లపై పడింది.

ఇటువంటి హక్కు మీద ఒక ప్రభువు బతుకు ఎంతగా ఆధారపడేదో ఎసెక్స్ ఎర్ల్ ఉదంతం చెబుతుంది. తీపి వైన్‌ల దిగుమతి సుంకం వసూలు చేసుకునే ఇజారాను చూసే అప్పులవాళ్లు అతన్ని నమ్మేవారు. 1600లో గడువు తీరాక రాణి దాన్ని పొడిగించలేదు. 1601 ఫిబ్రవరి 8న అతను లండన్ వీధుల్లో తిరుగుబాటుకు దిగాడు. అదే నెల 25న అతని తల తెగింది. ఐర్లాండ్‌లో వైఫల్యమూ, ఆస్థానపు పగలూ ఇందులో లేకపోలేదు గానీ, ఇజారా పోవడమే అతన్ని అంచుకు నెట్టిందని నా అభిప్రాయం.

ఆ నవంబరులో పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభలో గుత్తల జాబితా చదువుతుంటే విలియం హేక్‌విల్ అనే న్యాయవాది లేచి, ఇందులో రొట్టె లేదా అని అడిగాడు. ఇప్పుడే అడ్డుకోకపోతే వచ్చే పార్లమెంటు నాటికి అదీ చేరుతుందన్నాడు. అదే సభలో తగరం గుత్తతో సంబంధమున్న ఆస్థానికుడు వాల్టర్ రాలీ కూర్చుని ఉన్నాడు. తన ఏర్పాటు వల్ల గని కూలీలకు వారానికి రెండు షిల్లింగులకు బదులు నాలుగు అందుతున్నాయని వాదించి, మిగిలినవన్నీ రద్దుచేస్తే తనదీ వదులుకుంటానన్నాడు. మిగిలినవన్నీ రద్దు కావని తెలిసినవాడి ఔదార్యమది!

నవంబరు 30న సభ్యులను పిలిపించుకున్న రాణి, ఈ అక్రమాలు తనకు తెలియవన్నట్టు మాట్లాడి మెప్పు పొందింది. 1597లోనే సభ ఇదే ఫిర్యాదు చేసిందన్న సంగతి తెలిసినవారికి ఆ మాట మింగుడుపడదు. 1624 చట్టం వ్యక్తుల గుత్తలను నిషేధించినా కంపెనీలను మినహాయించింది; ఆ తరువాత రాజైన మొదటి చార్లెస్ ఆ సందులోంచే సబ్బు గుత్తను ఒక కంపెనీకి ఇచ్చి, టన్నుకింత అని తన వాటా పుచ్చుకున్నాడు. 1640లో మళ్లీ పార్లమెంటును పిలవక తప్పనప్పుడు, సభ్యులు తమలోని గుత్తదారులను బయటకు పంపే పని మొదట్లోనే చేపట్టారు.