ఎండుకొమ్మకు వేళ్ళు పెట్టాకే అది చెట్టయింది

ఎండుకొమ్మ ఒకటి తెచ్చి, కుండీలో సిమెంటు పోసి నిలబెట్టి, ప్లాస్టిక్ పూలు అతికించి హాల్లో పెట్టుకున్న ఇళ్ళు చాలా చూశాను. కొమ్మ ఎంత బాగున్నా అది గుచ్చిన పుల్లలాగే కనిపిస్తుంది. లోపం పూలల్లో లేదు, కింద ఉంది. ఏ చింతచెట్టు దగ్గరికైనా వెళ్ళి మొదలు చూడండి, నేలకు దగ్గరయ్యేకొద్దీ మాను వెడల్పవుతుంది, అక్కణ్ణుంచి వేళ్ళు ఉబ్బెత్తుగా నాలుగు పక్కలా పాకి, కొంతదూరం పోయాక మట్టిలోకి దిగిపోతాయి. బోన్సాయ్ పెంచేవాళ్ళు ముందు చూసేది కూడా ఆ మొదలునే. కాబట్టి చెట్టు బొమ్మ చేయాలనుకునేవాళ్ళు ఆకుల సంగతి తర్వాత పెట్టుకుని, ముందు వేళ్ళ సంగతి చూడండి అని నా సలహా.

నేను చేసింది దసరా కొలువు కోసం. మా తిరుపతిలో, చిత్తూరు వైపు కూడా, బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు బాగానే ఉన్నాయి. మా ఇంట్లో పైమెట్టు మీద ఎర్రచందనం మరపాచి బొమ్మల జంట, అంటే చెక్కతో చేసిన ఆడా మగా బొమ్మలు, తప్పకుండా ఉండాలి, అది అత్తమ్మ పుట్టింటి నుంచి వచ్చిన జంట. బ్రహ్మోత్సవాల్లో నాలుగో రోజు పొద్దున స్వామివారు కల్పవృక్ష వాహనం మీద ఊరేగుతారు కదా, అలాంటి చెట్టొకటి కొలువులో ఉంటే బాగుంటుందని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. బజార్లో దొరికే రెడీమేడ్ చెట్లు ఇద్దరికీ నచ్చలేదు.

కొమ్మ ఎక్కణ్ణుంచి తేవాలి అనేదాని మీద ఒక ముఖ్యమైన మాట. దయచేసి కొండ మీద నుంచి తేవద్దు. ఎండిపోయి కిందపడిందే కదా అనిపిస్తుంది, కానీ శేషాచలం రిజర్వు అడవి, 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా కూడా ప్రకటించారు. పైగా ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, దాని జోలికి అస్సలు పోకూడదు. ఎండుకొమ్మయినా సరే అడవిలో పడి ఉంటేనే దాని పని అది చేస్తుంది, చెదలకూ పురుగులకూ తిండి అవుతుంది, మట్టిలో కలుస్తుంది. మనకు ఊళ్ళల్లో కొమ్మలకు కరువేముంది? దామలచెరువు చుట్టుపక్కల బెంగళూరా మామిడికాయల కోతలు అయిపోయాక తోటల్లో కొమ్మలు కత్తిరిస్తారు, అడిగితే మోపులు మోపులు ఇస్తారు.

అయితే నాకు మామిడి కంటే జామే ఇష్టం. మామిడి మెత్తన, పురుగు తొందరగా పడుతుంది, ఎండాక చివరి పుల్లలు పట్టుకుంటే చాలు పుటుక్కున విరుగుతాయి. వేప గట్టిదే కానీ చిన్న సైజులో వంకరలు తక్కువ. మునగ గురించి అసలు ఆలోచించొద్దు. జామ కొమ్మ మాత్రం సన్నగా ఉన్నప్పుడే ముసలి చెట్టులాగా మెలికలు తిరిగి ఉంటుంది, గట్టిగా ఉంటుంది, పై బెరడు పలచని పొరలుగా దానంతటదే ఊడిపోయి కింద నున్నటి చెక్క బయటపడుతుంది. మా వీధి చివర ఇంటివాళ్ళు గోడ మీదికి వస్తోందని కొట్టేసిన జామ కొమ్మనే నేను తెచ్చుకున్నాను. ఎండాకాలమంతా డాబా మీద నీడపట్టున పడుకోబెట్టాను. పచ్చికొమ్మను నేరుగా ఎర్రటెండలో పడేస్తే బీటలు వారుతుంది, నిదానంగా ఆరాలి.

ఆరాక మిగిలిన బెరడంతా గీకేయాలి. పురుగు ఎక్కువగా దాక్కునేది బెరడుకీ చెక్కకీ మధ్యలోనే. తర్వాత బోరిక్ పౌడర్, అదే క్యారమ్ బోర్డు మీద చల్లేది, లీటరు వేడినీళ్ళకు 50 గ్రాములు కరిగించి బ్రష్‌తో బాగా పట్టించాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. అది పూర్తిగా ఆరాక 80 నంబరు సాండ్‌పేపర్, ఆ తర్వాత 120, చివర 220. రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి. 220తో రుద్దినప్పుడు రాలే సన్నటి పొడిని పారేయకుండా డబ్బాలో దాచండి, తర్వాత దాంతో చాలా పని ఉంది.

కింద పీఠానికి గ్రానైట్ షాపు దగ్గర పడి ఉండే వేస్టు ముక్క చాలు. పాలిష్ వైపు కిందికి ఉంచి, అంచులు కోయకుండా వదిలేసిన ముక్కయితే బండరాయి మీద మొలిచిన చెట్టులా ఉంటుంది. బెజ్జం మాత్రం షాపులోనే వేయించుకోండి, ఇంట్లో డ్రిల్‌తో రాయి పగులుతుంది. కొమ్మ మొదలును సమంగా కోసి, అందులో కూడా ముందే సన్నటి బెజ్జం వేసి, రాయి కింది నుంచి పొడుగాటి స్క్రూ బిగించాలి. బెజ్జం లేకుండా బిగిస్తే ఎండుకొమ్మ నిలువునా చీలుతుంది. బిగించే ముందు కొమ్మను రాయి మీద నిలబెట్టి నాలుగు పక్కల నుంచీ చూడండి, పైబరువు ఎటు వాలుతోందో ఆ పక్కకు రాయి ఎక్కువ ఉండాలి.

ఇక వేళ్ళు. పురికొస తీసుకుని జానెడు, జానెడున్నర ముక్కలు చేసి, సగందాకా పురి విప్పేయాలి. ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి అందులో నానబెట్టాలి. విప్పని కొసను మాను మీద, రాయికి రెండు చేతివేళ్ళంత ఎత్తున అతికించి, విప్పిన పోగుల్ని రాయి మీదికి పరచాలి. అన్నీ ఒకే లావు, ఒకే పొడుగు ఉండకూడదు. చెట్టు ఎటు వాలిందో దానికి ఎదురు పక్కన వేళ్ళు లావుగా, పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే పట్టి నిలబెట్టేది ఆ పక్కే. రెండు వేళ్ళు ఒకదాని మీద ఒకటి దాటిపోతే ఇంకా బాగుంటుంది. ఆరాక, దాచిన పొడిని ఫెవికాల్‌తో చపాతీ పిండిలా కలిపి, వేలికి నీళ్ళు తడుపుకుంటూ పురికొస మీద పులమాలి. మాను దగ్గర మందంగా, చివరికి పోయేకొద్దీ పలచగా. అదే చెక్క పొడి కాబట్టి రంగు చాలావరకు కలిసిపోతుంది, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. కొద్దిగా పచ్చిగా ఉన్నప్పుడే పాత టూత్‌బ్రష్‌తో పైనుంచి కిందికి గీస్తే చెక్క చారలు కూడా వస్తాయి. ఈ ఒక్క పని దగ్గర తొందరపడొద్దు, నేనైతే మొత్తం పనిలో ఎక్కువసేపు కూర్చున్నది ఇక్కడే, కూర్చున్నంతసేపూ లేవబుద్ధి కాలేదు.

వేళ్ళు ఆరేసరికి నాకది అలాగే, మోడుగానే, చాలా నచ్చేసింది. అత్తమ్మ చూసి, "చెట్టు బాగుందమ్మాయ్, కానీ కొలువులో మోడు పెడతామా? నాలుగు ఆకులన్నా ఉండాల గదా" అంది. ఎండిన చెట్టు ఇంట్లో ఉండకూడదనేది ఆమె పట్టింపు. అది పండగ పూట ఆమెకు మనసుకు సంబంధించిన విషయం, కాదనాలని నాకు అనిపించలేదు. "ఉంటాయత్తా, ఆకులు లేకుండా కొలువులోకి తేను" అన్నాను.

ప్లాస్టిక్ ఆకులు మాత్రం పెట్టదలుచుకోలేదు. మోటార్ వైండింగ్ షాపులో కాలిపోయిన మోటార్ల నుంచి తీసిన రాగి తీగ ఉంటుంది, తూకానికి ఇస్తారు. తీగ మీద కోటింగు మిగిలి ఉంటే సాండ్‌పేపర్‌తో గీకండి, కాల్చొద్దు, ఆ పొగ మంచిది కాదు. తర్వాత చింతపండు, ఉప్పు వేసి పూజసామాన్లు తోమినట్టు తోమితే తళతళలాడుతుంది. చిటికెన వేలి చుట్టూ తిప్పి మెడ దగ్గర రెండు మెలికలు, మళ్ళీ పక్కన ఇంకోటి, అలా గుత్తిగా చేసి మిగిలిన తీగను కొమ్మ చివర చుట్టేయడమే. ప్రతి కొమ్మకూ పెట్టొద్దు. పైన ఒత్తుగా, మధ్యలో ఖాళీలు వదిలి పెడితే కొమ్మల మెలికలు కనిపిస్తాయి. దీపాల వెలుగు పడ్డప్పుడు రాగి మెరుస్తుంటే అత్తమ్మ ఇది కల్పవృక్షమే అంది, వచ్చిన పేరంటాళ్ళందరికీ వేళ్ళు మాత్రం ఆమే వంగి మరీ చూపించింది.

పైన వార్నిష్ వేయలేదు, ఆ జిగేలుమనే మెరుపు చెక్కకు నప్పదు. ఆకులు కట్టకముందే లిన్సీడ్ ఆయిల్ పలచగా గుడ్డతో తుడిచాను. ఒక జాగ్రత్త, ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద విప్పి ఆరేసి తర్వాత పారేయండి.

దుమ్ము మేకప్ బ్రష్‌తో దులిపితే చాలు, తడిగుడ్డ వద్దు. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు కాబట్టి ఆ నెలల్లో చెట్టు గోడకు ఆనించి పెట్టకండి, అప్పుడప్పుడూ రాయి మీద పిండిలాంటి పొడి రాలుతోందేమో చూడండి. రాలితే పైన ఎక్కడో సన్నటి బెజ్జం ఉంటుంది, సిరంజితో అదే బోరిక్ నీళ్ళు ఎక్కించి, పూర్తిగా ఆరాక ఫెవికాల్, చెక్కపొడితో పూడ్చేయండి. అందుకే డబ్బాలో కాస్త పొడి ఎప్పుడూ మిగుల్చుకోండి.