నాన్న జేబులో లైటు

బోరు దగ్గర స్టార్టర్ డబ్బా మూత తీసి ఫ్యూజు చూస్తుంటే చేతిలో లైటు టప్పున ఆరిపోయింది. పేరు చెప్పను గానీ, అట్ట మీద పదివేల ల్యూమెన్ల వెలుగని రాసుంటుంది. తడితే వెలిగింది, మళ్లీ ఆరింది.

నాన్న ఏమీ అనకుండా జేబులోంచి కాన్వాయ్ ఎస్2 ప్లస్ టార్చి తీశారు. నేనిచ్చిందే. అంచుల్లో నల్లరంగు పోయి అల్యూమినియం తెల్లగా మెరుస్తోంది. వెనక బటన్ టక్కుమంది, అంతే.

ఇంట్లో ఉన్న ఇంకో టార్చి, వర్కోస్ ఎఫ్‌సీ11కి టైప్‌-సీ చార్జింగ్, వెనక అయస్కాంతం కూడా ఉన్నాయి. తెచ్చుంటే ఇనప డబ్బాకి అతికించేవాణ్ణి. సోఫిర్న్ ఎస్‌సీ31 ప్రో టార్చిలో బటన్ ఎన్ని నొక్కులకి ఏమవుతుందో నాకే గుర్తుండదు, నాన్నకెలా ఇస్తాను? కాన్వాయ్‌తో ఒకటే విసుగు, 18650 అనే రీచార్జబుల్ సెల్ బయటికి తీసి వేరే చార్జర్లో పెట్టాలి.

"ఆ పదివేలది ఇక్కడే వదిలెయ్, దిష్టికి పనికొస్తుంది" అన్నారు నాన్న, ఫ్యూజు బిగిస్తూ.